సొంత అంగడి, సొంత లెక్క

(ఉపకార వేతనాల పంపిణీ సందర్భంగా హొసూరులో చేసిన ప్రసంగ పాఠం)



మామూలుగా ఈ సభలో చదువు గొప్పతనం గురించి మాట్లాడతారు. ఈ ఊళ్ళో నిలబడి ఆ విషయం నేను చెప్పనక్కర్లేదు. చదువు కోసం ఇక్కడి నుంచి బెంగుళూరుకు కాలినడకన వెళ్ళి, చివరికి బెంగుళూరు విశ్వవిద్యాలయానికే ఉపకులపతి అయిన హెచ్. నరసింహయ్య గారు పుట్టిన ఊరు ఇది. నేను నాకు తెలిసిన విషయం మాట్లాడతాను. బి.కాం. చదివి, ముప్పై ఏడేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషిని. నాకు తెలిసింది లెక్క. అందులోనూ సొంతంగా ఒక అంగడో, కుట్టుమిషనో, సరుకుల బండో పెట్టుకొని బతికేవారి ఆదాయం లెక్క, దాని మీద పన్ను లెక్క. కన్నడంలో తెరిగె అంటాం, అదే.

ఈ విషయం ఇక్కడెందుకు అంటారేమో. ట్రస్టు వారు ఈ ఏడు వచ్చిన దరఖాస్తులు చూసిపెట్టమని నాకు ఇచ్చారు. చాలావాటిలో తండ్రి వృత్తి అన్న గడిలో 'స్వంత వ్యాపారం' అని ఉంది. దాని పక్కన ఏడాది ఆదాయం అన్న గడిలో కొట్టివేతలు. ఒక అంకె రాసి, కొట్టి, ఇంకొకటి రాసి, దాన్నీ దిద్ది. ఒకరైతే ఆ గడిలో 'దేవుడి దయ' అని రాశారు. నవ్వకండి. ఆయన అబద్ధం రాయలేదు. తన ఆదాయం ఎంతో ఆయనకు నిజంగానే తెలియదు.

మా అన్నకూ తెలియదు. ఆయన ఇప్పుడు లేడు, ఉంటే ఈ కథ చెప్పనిచ్చేవాడు కాదు. ఆయనకు చిల్లర అంగడి ఉండేది. పొద్దున ఐదింటికి తలుపు తీస్తే రాత్రి తొమ్మిదింటికి మూసేవాడు. అంగడి దుడ్డు, ఇంటి దుడ్డు అన్నీ ఒకే గల్లాపెట్టెలో. వదినకు కూరగాయలకు కావాలన్నా అందులోంచే, మండీలో బెల్లానికి కట్టాలన్నా అందులోంచే. "అన్నా, ఒక పుస్తకం పెట్టు" అని నేనంటే, "నువ్వు బ్యాంకులో రాసేది చాలదా? పెట్టె నిండితే లాభం, ఖాళీ అయితే నష్టం. దీనికి బీకాం ఎందుకురా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

2004లో ఆయన కొడుక్కి ఇంజనీరింగు సీటు వచ్చింది. బ్యాంకు అప్పు కోసం ఇద్దరం పోయాం. నేను పనిచేసే శాఖ కాదు, ఇంకొకటి. మేనేజరు మూడేళ్ళ రిటర్నులు అడిగాడు. లేవు. లెక్క పుస్తకాలు అడిగాడు. లేవు. పాస్‌బుక్కు తీస్తే ఏడాదికి నాలుగైదు జమలు. "మీ అన్నగారు బాగా సంపాదిస్తారని మీరు చెప్తున్నారు, కాయితం చెప్పడం లేదు" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. అడిగినదాంట్లో సగం కూడా మంజూరు కాలేదు. మిగిలినదాని కోసం అన్న చెరువు కింద ఎకరం అమ్మేశాడు. మా నాయన ఇచ్చిన ఎకరం. అదే భూమి ఇవాళ ఏమి ధర పలుకుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇందులో నేను అన్నను తప్పు పట్టను. కౌంటరు అవతల నిలబడిన ముక్కూ మొహం తెలియని వాళ్ళకు ఎన్నో ఫారాలు నింపి ఇచ్చాను. సొంత అన్న గల్లాపెట్టె పక్కన ఒక్క ఆదివారం కూర్చోలేదు. ఏడాదికి ఒక్క కాయితం వేసి ఉంటే ఆ ఎకరం నిలిచేదేమో. ఆ కాయితానికి ఆయన ఒక్క రూపాయి పన్ను కూడా కట్టాల్సి వచ్చేది కాదు. రిటైరయ్యాక నేను చేస్తున్న పనల్లా ఆ ఆదివారాలు ఇప్పుడు కూర్చోవడమే.

ఇక విషయానికి వస్తాను.

ఒక్కడే యజమానిగా నడిపే వ్యాపారాన్ని ప్రొప్రైటర్‌షిప్పు అంటారు. కంపెనీ అయితే చట్టం దృష్టిలో అది వేరే మనిషి. దానికి వేరే పాన్ ఉంటుంది, దాని అప్పు దానిది. ప్రొప్రైటరుకు అలా కాదు. బోర్డు మీద ఏ దేవుడి పేరైనా ఉండవచ్చు, పన్ను చట్టానికి మాత్రం అంగడీ మీరూ ఒకటే. మీ పాన్ కార్డు తీసి నాలుగో అక్షరం చూడండి. 'పి' అని ఉంటుంది, అంటే వ్యక్తి అని. మీ అంగడికి కూడా అదే పాన్. అంగడి లాభం మీ ఆదాయం, అంగడి అప్పు మీ అప్పు. అంగడి నష్టపోతే ఇల్లు కూడా బాధ్యతలోకి వస్తుంది.

చట్టం వేరు చేయదు కాబట్టి ఆ వేరుచేసే పని మీరే చేసుకోవాలి. నా మాటల్లో గుర్తుంచుకోవలసినది ఏదైనా ఉంటే ఇదే. జీతగాడికి నెల తిరిగేసరికి జీతం చీటీ ఎవరో అచ్చువేసి ఇస్తారు. అందులో జీతమెంత, పట్టుకున్న పన్నెంత, ప్రావిడెంట్ ఫండు ఎంత, అన్నీ ఉంటాయి. సొంత వ్యాపారికి ఆ చీటీ ఎవరూ ఇవ్వరు. తన రిటర్నే తన చీటీ.

మన వాళ్ళు మూడు అంకెల్ని కలిపేస్తారు. వ్యాపారం ఎంత జరిగింది అన్నది ఒకటి. లాభం ఎంత అన్నది రెండు. ఇంటికి ఎంత తీసుకున్నాం అన్నది మూడు. ఒక లెక్క వేసి చూపిస్తాను, పిల్లలు వెనక పేజీలో రాసుకోండి.

ఒక చిల్లర అంగడిలో ఏడాదికి 30 లక్షల వ్యాపారం జరిగిందనుకుందాం. అందులో 18 లక్షలు యూపీఐ ద్వారా వచ్చింది, 12 లక్షలు నగదు. సరుకు కొన్నది 25 లక్షల 50 వేలు. మిగిలింది నాలుగున్నర లక్షలు. దీంట్లోంచి అంగడి బాడుగ ఏడాదికి 60 వేలు, కరెంటు 18 వేలు, పనికుర్రాడికి 72 వేలు, సరుకు తెచ్చే ఆటోకి 30 వేలు. మొత్తం ఒక లక్షా 80 వేలు. తీసేస్తే 2 లక్షల 70 వేలు. అది లాభం. అదే ఆదాయం. ఇంట్లోకి నెలకు 20 వేలు తీసుకున్నాడు, ఏడాదికి 2 లక్షల 40 వేలు. అది ఖర్చు కాదు. మన లాభాన్ని మనం వాడుకున్నాం, అంతే. "నాకేం మిగలడం లేదు సార్, అంతా ఇంటికే పోతోంది" అని కౌంటరు దగ్గర ఎంతమంది చెప్పారో. ఇంటికి పోతున్నదే ఆదాయం కదయ్యా!

ఈ లెక్క కూడా రాయలేనివారి కోసం చట్టంలో ఒక సులువు ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో అది 44ఎడి సెక్షను. ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2025 నాటి కొత్త చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో ఇదే ఏర్పాటు 58వ సెక్షనులో ఉంది. సెక్షను నంబరు మారింది కానీ సంగతి మారలేదు. ఏడాది వ్యాపారం 2 కోట్లు దాటనివారు, నగదు వసూళ్ళు మొత్తంలో 5 శాతం మించకపోతే 3 కోట్లు దాటనివారు, పూర్తి లెక్క పుస్తకాలు లేకుండానే ఆదాయం చూపవచ్చు. నగదుగా వచ్చినదాని మీద 8 శాతం, బ్యాంకు ద్వారా లేదా యూపీఐ ద్వారా వచ్చినదాని మీద 6 శాతం ఆదాయంగా తీసుకుంటారు. మన అంగడికి వేయండి. 18 లక్షలకు 6 శాతం ఒక లక్షా 8 వేలు. 12 లక్షలకు 8 శాతం 96 వేలు. కలిపితే 2 లక్షల 4 వేలు. మండీలో కమీషను మీద, ఏజెన్సీ మీద బతికేవారికి ఈ సులువు లేదు, వాళ్ళు పుస్తకాలు పెట్టాల్సిందే.

ఇక్కడ రిటర్నులు వేసిపెట్టే కొందరు కుర్రాళ్ళు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. 6, 8 అన్నవి కనీసం. అంతకంటే ఎక్కువ సంపాదిస్తే ఎక్కువే చూపాలి. మన అంగడివాడి నిజ ఆదాయం 2 లక్షల 70 వేలు, కాబట్టి రాయవలసింది అదే. రెండు లక్షల నాలుగు వేలు రాస్తే ఏమైనా మిగులుతుందా? చూడండి. 2025–26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పద్ధతిలో 4 లక్షల వరకు పన్నే లేదు. ఆ పైన 8 లక్షల వరకు 5 శాతం, 12 లక్షల వరకు 10 శాతం అని లెక్క వేస్తారు కానీ, మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే ఆ పన్నంతా రిబేటుగా తీసేస్తారు. అంటే నిజం రాసినా పన్ను సున్నా, తక్కువ రాసినా సున్నా. తక్కువ రాస్తే పోయేది మాత్రం బ్యాంకు అప్పు. 'నెలకు 17 వేలు వచ్చేవాడు ఈ కిస్తీ ఎలా కడతాడు' అని మేనేజరు అడుగుతాడు, అప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

ఇంకొక మాట. పన్ను సున్నా అయినంత మాత్రాన రిటర్ను అక్కర్లేదని అనుకోవద్దు. ఆదాయం 4 లక్షలు దాటినవారు, పన్ను రిబేటులో పోయినా సరే, రిటర్ను వేయాల్సిందే. వ్యాపారం 60 లక్షలు దాటినవారు ఆదాయం ఎంత తక్కువైనా వేయాలి. మిగిలినవారిలో చాలామందికి నిర్బంధం లేదు, కానీ వేయమనే నేను చెప్తాను. జీతగాళ్ళకు ఇచ్చే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ మనకు లేదు, అదీ గుర్తుంచుకోండి. నిజంగా పన్ను పడేవాళ్ళు, ఆ ఏడు పన్ను 10 వేలు దాటేలా ఉంటే, మార్చి 15 లోపల ముందస్తుగా కట్టాలి. లేకపోతే వడ్డీ పడుతుంది. రిటర్ను గడువు ఎప్పుడన్నది ఏటేటా చూసుకోండి, మారుతుంటుంది.

మన వైపు అందరూ అంగళ్ళవాళ్ళు కారు. పొలం, పట్టు, పాలు, పూలు. పొలంలో పండించిన రాగి, వేరుశెనగ, టమాటా, పూలు అమ్మితే వచ్చేది వ్యవసాయ ఆదాయం, దానికి కేంద్రం ఆదాయపు పన్ను లేదు. వేరే ఆదాయం కూడా పన్ను పరిమితి దాటితే రేటు నిర్ణయించడానికి మాత్రం దీన్ని కలిపి చూస్తారు. పాలు వేరు. డెయిరీకి పాలు పోసి వచ్చేదాన్ని చట్టం వ్యవసాయంగా చూడదు. పట్టు విషయం శిడ్లఘట్ట, చింతామణి వైపు నుంచి వచ్చినవారు జాగ్రత్తగా వినండి. మల్బరీ ఆకు పండించడం వ్యవసాయమే. కానీ ఆకు తిని పురుగు కట్టిన గూడు వేరే వస్తువని, గూళ్ళు అమ్మిన ఆదాయం మొత్తం వ్యవసాయ ఆదాయం కాదని సుప్రీంకోర్టు 1999లో తేల్చింది. ఆకు విలువ వరకే వ్యవసాయం కింద పోతుంది. భయపడకండి, మనలో చాలామందికి ఆ మిగిలినది 4 లక్షల లోపే ఉంటుంది. అయితే 'అంతా వ్యవసాయమే' అని ఒక్క మాటలో రాసే ముందు ఆలోచించండి.

ఇప్పుడు అందరూ వచ్చి అడిగే సంగతి, జీఎస్టీ. 2025 జులైలో మన రాష్ట్రంలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. వాణిజ్య పన్నుల శాఖ 2021–22 నుంచి యూపీఐ లెక్కలు తెప్పించి చూసి, రిజిస్టరు కాని చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. టీ అంగడి, బేకరీ, కూరగాయల బండి అన్న తేడా లేదు. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి నాలుగేళ్ళలో ఒక కోటి 63 లక్షలు యూపీఐలో వచ్చిందని 29 లక్షలు కట్టమన్నారు. అంగళ్ళవాళ్ళు క్యూఆర్ అట్టలు పీకేసి 'నగదు మాత్రమే' అని రాసిపెట్టారు. జులై 25న బందుకు పిలుపు వచ్చింది. 23న ముఖ్యమంత్రి వ్యాపారులతో సమావేశమై, పన్ను లేని సరుకు అమ్మేవారి దగ్గర వసూలు చేయబోమని, పాత బకాయిల కోసం పీడించబోమని, అర్హులైనవారు ఇకమీదట రిజిస్టరు కావాలని చెప్పారు. బందు ఆగింది.

దీంట్లోంచి మనవాళ్ళు నేర్చుకున్న పాఠం 'యూపీఐ వద్దు' అని. నాకది సరైన పాఠంగా కనబడదు. నగదుగా తీసుకున్నా అది వ్యాపారమే, పరిమితి లెక్కలోకి వస్తుంది. కర్ణాటకలో సరుకు మాత్రమే అమ్మేవారికి ఏడాదికి 40 లక్షలు, సేవలు చేసేవారికి 20 లక్షలు దాటితే రిజిస్టరు కావాలి. తాజా కూరగాయలు, పండ్లు, విడి పాలు లాంటి వాటికి జీఎస్టీ లేదు. పట్టు గూళ్ళకు, ముడి పట్టుకు కూడా లేదు. తన పొలంలో పండించింది అమ్ముకునే రైతు రిజిస్టరు కానక్కర్లేదు. 40 లక్షలు దాటిన చిల్లర అంగడికి, కోటిన్నర లోపల అయితే, కాంపోజిషను అని ఒక పద్ధతి ఉంది. వ్యాపారం మీద 1 శాతం కడితే సరి. కాకపోతే ఆ 1 శాతం గిరాకీల దగ్గర వేరుగా వసూలు చేయకూడదు, జేబులోంచి కట్టాలి.

నోటీసు వచ్చినవారి అసలు కష్టం పన్ను కాదు, లెక్క చూపలేకపోవడం. ఒకే ఫోను నంబరుకు గిరాకీ దుడ్డు వచ్చింది, బావమరిది తిరిగి ఇచ్చిన చేబదులు వచ్చింది, చీటీ పాట దుడ్డు వచ్చింది, హాస్టల్లో ఉన్న పిల్ల తిరిగి పంపిన దుడ్డు వచ్చింది. శాఖకు అన్నీ జమలే. ఏది వ్యాపారం, ఏది కాదు అని నాలుగేళ్ళ తరువాత ఎవరు చెప్పగలరు? అందుకని అంగడికి వేరే ఖాతా, వేరే క్యూఆర్ పెట్టుకోండి. కరెంటు ఖాతా కావాలంటే ఉద్యమ్ నమోదు కాయితం ఉపయోగపడుతుంది, 2020 జులై నుంచి ఆన్‌లైనులో ఉంది, రుసుము లేదు. దానికి దుడ్డు అడిగేవారికి ఇవ్వకండి.

పిల్లల కోసం ఒక మాట. రేపు మీలో కొందరు చదువు ముగించి బెంగుళూరులో ఉద్యోగం కాకుండా, ఇంట్లో కూర్చొని కంపెనీలకు పని చేసిపెడతారు. సాఫ్ట్‌వేరు, ఇంజనీరింగు డ్రాయింగులు, అలాంటివి. మీరూ ప్రొప్రైటర్లే, బోర్డు ఉండదు అంతే. మొన్న ఒక అమ్మాయి వచ్చింది. ఏడాదికి ఆరు లక్షల పని చేసింది. కంపెనీలు ఒక్కో బిల్లులో 10 శాతం టీడీఎస్ పట్టుకొని మిగిలింది ఇచ్చాయి. 60 వేలు. "పన్ను కట్టేశాను కదా తాతా, ఇంకేముంది?" అంది. ఆమె చేసే ఇంజనీరింగు పని వృత్తుల జాబితాలో ఉంది కాబట్టి, వచ్చినదాంట్లో సగం, అంటే 3 లక్షలు, ఆదాయంగా చూపవచ్చు. వృత్తులవారికి ఈ సులువు 50 లక్షల వసూళ్ళ వరకు ఉంది. 3 లక్షలకు పన్ను లేదు. అంటే ఆ 60 వేలూ ఆమెవే. కానీ రిటర్ను వేసి అడిగితేనే వస్తాయి. ఆ సాయంత్రమే వేశాం.

అమెరికాలో ఉన్న మా చిన్నాన్న మనవడు కూడా సొంతంగా పనిచేస్తాడు. అక్కడ ఆదాయపు పన్ను కాక సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్సు అని ఇంకొకటి ఉంది. దాని రేటు 15.3 శాతం. అందులో 12.4 శాతం ముసలితనపు పింఛను నిధికి, 2.9 శాతం వైద్యానికి. ఉద్యోగి అయితే దాంట్లో సగం యజమాని భరిస్తాడు, సొంతంగా చేసేవాడు రెండు సగాలూ తానే కట్టాలి. వాడు ఫోనులో గొణుగుతుంటే నాకు నవ్వొచ్చింది. మన దేశంలో అలాంటి పన్ను లేదు, సంతోషమే. కానీ అందుకే మన అంగడివాడికి అరవై దాటాక పింఛనూ లేదు. ఇక్కడ ఎవరూ పట్టుకోరు కాబట్టి మీరే పట్టుకోవాలి. 18 నుంచి 40 ఏళ్ళ లోపు వారికి అటల్ పింఛను ఉంది. 2022 అక్టోబరు నుంచి ఆదాయపు పన్ను కట్టవలసినవారిని అందులో చేర్చుకోవడం లేదు. రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టవలసి రావడం వేరు, ఆ రెండూ కలపకండి. నలభై దాటినవారు పోస్టాఫీసులో పీపీఎఫ్ అయినా తెరవండి. మా అన్న తెరవలేదు.

ఇప్పుడు చేదు సంగతి. "రిటర్ను వేస్తే రేషను కార్డు పోతుంది, స్కాలర్‌షిప్పు పోతుంది" అని కొందరు నా చెవిలో అంటున్నారు. ఇది ఉత్త భయం కాదు. 2024 నవంబరులో ఆదాయపు పన్ను కట్టేవారి బీపీఎల్ కార్డులు రద్దు చేసినప్పుడు ఎంత గొడవైందో చూశాం. ఆ కార్డుకు ఏడాది ఆదాయం పరిమితి ఒక లక్షా 20 వేలు. మన లెక్కలో అంగడివాడు 2 లక్షల 70 వేలు సంపాదిస్తున్నాడు. అతనికి ఆ కార్డు నిబంధన ప్రకారం లేనే లేదు, రిటర్ను వేసినా, వేయకపోయినా. పరిమితి మరీ తక్కువ అంటారా, నేనూ ఒప్పుకుంటాను. పెంచమని అడుగుదాం. కానీ నాడకచేరిలో 40 వేలని ఆదాయపత్రం తీసుకొని, బ్యాంకులో 6 లక్షలని చెప్పేవారి దరఖాస్తులు నేను రెండువైపుల నుంచీ చూశాను. బ్యాంకులో ఉన్నప్పుడు ఒకటి, ఇప్పుడు ట్రస్టులో ఒకటి. పాన్, ఆధారు, బ్యాంకు ఖాతా ముడిపడి ఉన్న కాలం ఇది. మీ ఖాతా వడ్డీ, పెద్ద జమలు, టీడీఎస్ అన్నీ 2021 నుంచి పన్ను శాఖ వారి వార్షిక సమాచార పత్రంలో మీ పాన్ కింద కనిపిస్తున్నాయి. రెండు కాయితాలు పక్కపక్కన పెడితే సంతకం ఎవరిదో అన్న ప్రశ్న వస్తుంది. సంతకం తండ్రిది, సీటు పిల్లది.

నిజం రాసినవారికి దారి మూసుకుపోలేదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన మంచి విద్యాసంస్థల్లో సీటు వస్తే, ఆస్తి తాకట్టు లేకుండా, జామీను లేకుండా అప్పు ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల అప్పు వరకు చదువుకునే కాలంలో వడ్డీలో 3 శాతం తగ్గింపు. నాలుగున్నర లక్షల లోపు ఉండి సాంకేతిక, వృత్తి కోర్సులు చదివేవారికి ఆ కాలపు వడ్డీ మొత్తం ప్రభుత్వమే భరించే ఏర్పాటు కూడా ఉంది. చూడండి, 2 లక్షల 70 వేలు నిజంగా రాసిన మన అంగడివాడి కూతురు ఈ రెండింటి పరిమితి లోపలే ఉంది.

అమ్మలు ఒకరిద్దరు ముందే చీటీ పంపారు. "మిషను నేను కుడతాను, దుడ్డు ఆయన ఖాతాలోకి పోతుంది, ఎవరి ఆదాయం?" అని. కుట్టేది మీరైతే ఆదాయం మీది, మీరే ప్రొప్రైటరు. మీ పేరుతో ఖాతా తెరిచి అందులోకి తీసుకోండి. మీకూ వేరే 4 లక్షల పరిమితి ఉంది. దీనికి తలకిందులుగా, భర్త వ్యాపారాన్ని పన్ను తగ్గించుకోవడానికి భార్య పేరుకు రాసి, పెట్టుబడి భర్తే పెడితే, ఆ ఆదాయం తిరిగి భర్తకే కలుపుతారు. పేరు మారిస్తే చాలదు.

పుస్తకం ఎలా పెట్టాలని అడిగారు. ట్రస్టు వారు ఈ రోజు స్కాలర్‌షిప్పుతో పాటు ఒక్కో నోటుబుక్కు ఇస్తున్నారు. పేజీకి నాలుగు గీతలు. తేదీ, వచ్చింది, పోయింది, ఇంటికి తీసుకున్నది. రాత్రి అంగడి మూశాక ఐదు నిమిషాలు. నాయనకు చేయి తిరగకపోతే పిల్లలు రాయండి. మీరు కన్నడంలో రాసినా, ఇంట్లో మాట్లాడే తెలుగులో రాసినా, అంకెలు అవే. కొన్న సరుకు బిల్లులు ఒక డబ్బాలో వేయండి, ఏడాది చివర నేను చూస్తాను.

సభ అయ్యాక వేపచెట్టు కింద బల్ల వేసుకొని సాయంత్రం ఆరుదాకా కూర్చుంటాను. పాన్ కార్డు, పాస్‌బుక్కు తెచ్చినవారు ముందు రండి. తేనివారు వచ్చే ఆదివారం పది గంటలకు ట్రస్టు గదికి రండి. ఆ దరఖాస్తులో 'దేవుడి దయ' అని రాసిన నాయన కూడా తప్పకుండా రావాలి, మొదటి వంతు ఆయనదే.